మొదట దొరికిన కళ్ళజోడు

ఉమాపతి రాసిన ప్రోగ్రాము ఏది అడిగినా ఏదో ఒకటి ఇచ్చేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

నాగావళి ఒడ్డున ఒక ఆశ్రమం, దానికి ఆనుకుని ఒక కంటి ఆసుపత్రి ఉన్నాయి. అక్కడ శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు. రెంటినీ చూసుకునేది సుబోధ మాతాజీ. కాషాయం కట్టకముందు ఆవిడ ఓ పెద్ద కంపెనీలో ప్రోగ్రాములు రాసేవారు. కట్టాక కూడా మానలేదు. ఉపనిషత్తు చెప్పమని వచ్చినవాళ్ళకు ఉపనిషత్తు చెప్పేవారు, కోడు నేర్పమని వచ్చినవాళ్ళకు కోడు నేర్పేవారు. రెండు రకాల శిష్యుల మీదా ఆవిడకున్న ఓపిక ఒకటే. అది మరీ ఎక్కువేమీ కాదు.

ఉమాపతి రెండో రకం శిష్యుడు. మంచివాడు, చురుకైనవాడు, చెప్పిన పని సాయంత్రానికల్లా చేసి చూపించేవాడు. లోపం ఒక్కటే. ‘లేదు’, ‘తెలియదు’ అనే మాటలు అతని నోట రావు. వంటింట్లో ఉప్పు అయిపోతే ‘లేదు’ అనకూడదు, ‘నిండుకుంది’ అనాలి, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని వాళ్ళమ్మ నేర్పింది. ఆ నియమం వంటింటి వరకు చక్కగానే ఉంటుంది. ఇతను దాన్ని ఊరంతా పరిచాడు. పాలకొండ బస్సు ఎన్నింటికని రోగులెవరైనా అడిగితే, తెలియకపోయినా నోటికొచ్చిన టైము చెప్పేవాడు. పాపం వాళ్ళు మూటలతో వెళ్ళి ఎండలో నిలబడేవాళ్ళు.

కోడులోనూ అదే వరస. ఉన్నవాటిలోంచి ఒకదాన్ని తెమ్మని యంత్రానికి చెప్పడానికి రకరకాల ఆజ్ఞలున్నాయి. ‘ఫస్ట్’ అంటే, వెతుకుతూ పోయి కంటబడ్డ మొదటిదాన్ని పట్టుకొచ్చేస్తుంది. దాని వెనక ఇంకేమున్నాయో చూడదు. ఉమాపతికి ఆ ఆజ్ఞ మీద మహా ఇష్టం. ఎక్కడ చూసినా అదే రాశాడు. మాతాజీ ఒకటికి రెండుసార్లు హెచ్చరించారు. అతను తలూపాడు. తలూపడం అతనికి బాగా వచ్చు.

ఆ సోమవారం అతని ప్రోగ్రాము మొదటిసారి ఆపరేషన్ గదిలోకి వెళ్ళింది. రోగి నంబరు కొట్టగానే, ఆ కంట్లో ఏ పవరు లెన్సు పెట్టాలో తెర మీద కనిపిస్తుంది. సిస్టరు రత్నం ఆ లెన్సు అలమరలోంచి తీసి డాక్టరుకు అందిస్తుంది. పొద్దుటి రోగులందరివీ కుడికన్ను ఆపరేషన్లే. అన్నీ సాఫీగా జరిగిపోయాయి. ఉమాపతి వరండాలో చేతులు కట్టుకుని, దారిన పోయేవాళ్ళందరూ తననే చూస్తున్నట్టు నిలబడ్డాడు.

తర్వాత పైడమ్మను తీసుకెళ్ళారు.

ఆవిడది పొందూరు పక్క పల్లె. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, గాలికి కొట్టుకుపోయేంత సన్నని నూలు వడికే మనిషి. కుడికన్ను చిన్నప్పుడే ముల్లు గుచ్చుకుని పోయింది. మిగిలిన ఎడమకంట్లో శుక్లం ముదరడంతో రాట్నం మూల పడేసింది. ఆపరేషనంటే వణికిపోతుంటే, ఇరుగుపొరుగు బతిమాలి పంపారు.

సిస్టరు రత్నం నంబరు కొట్టింది. తెర మీద అంకె వచ్చింది. ఆవిడ అలమరంతా వెతికి వచ్చి, “డాక్టరుగారూ, ఇంత పవరు లెన్సు మన దగ్గర లేదండీ” అంది.

డాక్టరు పట్నాయక్ తెర వైపు చూశాడు, పైడమ్మ వైపు చూశాడు, చేతి తొడుగులు విప్పేసి నేరుగా మాతాజీ గదికి వచ్చాడు. అక్కడికి ఉమాపతిని పిలిపించారు.

“ఇది ఆమె చచ్చిపోయిన కుడికంటి కొలత. నేను కోయబోయేది ఎడమకన్ను” అన్నాడు డాక్టరు. “అలమరలో ఆ లెన్సు లేక బతికిపోయాం. ఉండుంటే పెట్టేసేవాణ్ణి. ఆమెకున్నది ఒక్క కన్ను.”

జరిగిందేమిటంటే, కొలతల యంత్రం మామూలుగా ప్రతి మనిషికీ రెండు కళ్ళూ కొలుస్తుంది. ముందు కుడి కొలత, తర్వాత ఎడమ కొలత పంపుతుంది. ఉమాపతి కోడు పైడమ్మ నంబరుతో వెతికి, మొదట కనబడ్డది పట్టుకొచ్చింది. అంతే.

“కానీ అమ్మా, ఆ రికార్డు ఆవిడదే కదా” అన్నాడు ఉమాపతి. “ఎర్రర్ కూడా ఏమీ రాలేదు.”

మాతాజీ కళ్ళు మూసుకున్నారు. అది ధ్యానం కాదని డాక్టరుకు కూడా తెలిసింది.

“నేను రేపు మూడింటి బండికి విశాఖ వెళ్ళిపోవాలి. మళ్ళీ వారం దాకా రాను” అన్నాడు డాక్టరు. “ఆ ముసలమ్మను బల్ల మీంచి లేపినందుకే, ఇక రానని ఏడుస్తోంది. రేపటికి ఇది బాగుపడితే సరి. లేకపోతే ఆమె వెళ్ళిపోతుంది.”

ఆయన వెళ్ళాక మాతాజీ లేచారు. ఆ గదిలో ఒక అట్టపెట్టె ఉంది. జనం వాడి వదిలేసిన కళ్ళజోళ్ళు పేదవాళ్ళకని తెచ్చి అందులో వేసిపోతారు. ఆవిడ చెయ్యి చాచి ఉమాపతి ముక్కు మీది కళ్ళజోడు తీసి పెట్టెలో పడేశారు. పైన కనబడ్డ మొదటిదాన్ని తీసి అతని ముక్కు మీద పెట్టారు.

“అమ్మా, ఇవి నావి కావు.”

“కళ్ళజోడే కదా?”

“కళ్ళజోడే. కానీ...”

“నీ ముక్కు మీదే ఉంది కదా?”

“ఉంది.”

“ఎర్రర్ ఏమీ రాలేదు కదా? వెళ్ళి పని చూసుకో.”

అవి ఎవరో పెద్దాయన చదువుకునే అద్దాలు. ఉమాపతికి గుమ్మం రెండుగా కనిపించింది. ఒకదానికి గుద్దుకుని, రెండోదాంట్లోంచి బయటికి వెళ్ళాడు.

తల పోటెత్తుతుండగా కోడు ముందు కూర్చున్నాడు. ఏ కన్నో కూడా చూసి వెతకమని రాశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. అప్పుడతనికి మరో భయం పట్టుకుంది. ఒకవేళ ఆ కంటి కొలతే లేకపోతే? ‘ఫస్ట్’ గగ్గోలు పెట్టి ప్రోగ్రామంతా ఆగిపోతుంది, డాక్టరు ముందు పరువు పోతుంది. అందుకని దాని బదులు ‘ఫస్ట్ ఆర్ డిఫాల్ట్’ అని రాశాడు. అంటే, దొరికితే మొదటిది తెస్తుంది. దొరక్కపోతే గొడవ చేయకుండా, అంకెలైతే సున్నా తెచ్చి చేతిలో పెడుతుంది. ఉమాపతికి ఆ ఆజ్ఞ కన్నతల్లిలా కనిపించింది.

సాయంత్రం మాతాజీ వచ్చి, ఎడమకన్ను కొలవని ఒక రోగి నంబరు కొట్టి, ఎడమకన్ను అడిగారు. తెర మీద నిదానంగా సున్నా వచ్చింది.

“ఇదేమిటి?”

“కొలత... మరి... సున్నా అమ్మా.”

“కొలిస్తే సున్నా వచ్చిందా? కొలవలేదా?”

ఉమాపతి నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం ఏదో ఒకటి చెప్పబోయి, ఆవిడ మొహం చూసి మూసుకున్నాడు.

మాతాజీ తన గదికి వెళ్ళి ఇంకో కళ్ళజోడు తెచ్చారు. ఎవరో కుర్రాడు షోకు కోసం పెట్టుకున్నది, ఉత్త గాజు. ఉమాపతి ముక్కు మీది పెద్దాయన అద్దాలు తీసి దాన్ని పెట్టారు.

“ఇప్పుడు తల నొప్పి?”

“తగ్గిందమ్మా.”

“గుమ్మం ఒకటేనా?”

“ఒకటే. మసగ్గా ఉంది.”

“తెర మీద అక్షరాలు?”

“కనబడ్డంలేదు.”

“పెట్టుకున్నట్టు మాత్రం ఉంది కదా. నిన్ను నొప్పించకుండా ఎంత మర్యాదగా ఉందో చూడు” అని ఆవిడ వెళ్ళిపోయారు.

ఉమాపతి తెరకు ముక్కు ఆనించి కూర్చున్నాడు. చాలాసేపటికి ‘సింగిల్’ అని రాశాడు. ఆ ఆజ్ఞ కోపిష్టిది. అడిగిన గుర్తులకు సరిగ్గా ఒకటే ఉంటే తెస్తుంది. ఒకటీ లేకపోయినా అరుస్తుంది, రెండున్నా అరుస్తుంది. అందుకే అతను ఇన్నాళ్ళూ దాని గుమ్మం తొక్కలేదు.

పైడమ్మ నంబరు, ఎడమకన్ను అని కొట్టాడు. తెర ఎర్రబడింది. ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, తేను పొమ్మంది.

ఇక అయిపోయిందనుకున్నాడు. ఈసారి ముక్కు మీదికి ఏ కళ్ళజోడు వస్తుందో అనుకుంటూ మాతాజీ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఆవిడ వచ్చి చూశారు. పైడమ్మ ఎడమకంటికి నిజంగానే రెండు కొలతలున్నాయి. భయానికి మొదటిసారి కన్ను ఆర్పిందట, టెక్నీషియను మళ్ళీ కొలిచాడట. రెండు అంకెలకూ తేడా ఉంది.

“పాడైపోయిందమ్మా” అన్నాడు ఉమాపతి.

“ఈవేళ పొద్దుటినుంచీ నీ ప్రోగ్రాము నిజం చెప్పడం ఇదే మొదలు” అన్నారు మాతాజీ. “నాతో కాదు, వెళ్ళి డాక్టరుతో చెప్పు.”

డాక్టరు పట్నాయక్ విని, ఆ రెండూ నమ్మనన్నాడు. పొద్దున్నే పైడమ్మను తనే కూర్చోబెట్టి మళ్ళీ కొలుస్తానని, ఆ రెంటినీ కొట్టేయించాడు.

ఇంతటితో కథ అయిపోతే ఎంత బాగుండేది. కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. సింగిల్ మంచిదని తేలింది కదా అని, ఉమాపతి ఆసుపత్రి ప్రోగ్రాములో ఫస్ట్ ఉన్న ప్రతిచోటా సింగిల్ రాసి పడుకున్నాడు.

మంగళవారం పొద్దున కొత్త రోగులు బండి దిగారు. వార్డు దగ్గర ఆయా ‘ఖాళీ మంచం’ అని నొక్కింది. తెర ఎర్రబడింది. ఖాళీ మంచాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి కాబట్టి ఇవ్వనంది. వార్డు సగం ఖాళీగా ఉంది. జనం మూటలు నెత్తిన పెట్టుకుని వరండాలో నిలబడ్డారు. ఒక ముసలాయన, “మంచాలు ఎక్కువైపోనాయని పడుకోనివ్వరేటి?” అని అందర్నీ అడిగి చూశాడు.

ఆయా వెళ్ళి చెప్పింది. మాతాజీ ఉమాపతిని పిలిచారు.

“దాహంగా ఉంది. గ్లాసుడు మంచినీళ్ళు పట్టుకురా.”

అతను పరుగున వెళ్ళి తెచ్చాడు. ఆవిడ తాగలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“అక్కడ గ్లాసులు ఎన్నున్నాయి?”

“చాలా ఉన్నాయమ్మా.”

“మరి ఇదే ఎందుకు తెచ్చావు?”

“నీళ్ళకు ఏదైతేనేం? మొదట చేతికందింది...”

మాట మధ్యలోనే ఆగిపోయాడు. మాతాజీ నీళ్ళు తాగారు. అతను వెళ్ళి మంచాల దగ్గర మళ్ళీ ఫస్ట్ పెట్టాడు. వరండా ఖాళీ అయింది.

మధ్యాహ్నం పైడమ్మను మళ్ళీ బల్ల ఎక్కించారు. చుక్కల మందు వేశారు. డాక్టరు బండికి ఇంకా వ్యవధి ఉంది, కానీ దండిగా లేదు. సిస్టరు రత్నం నంబరు కొట్టింది.

‘దయచేసి కాసేపు వేచి ఉండండి’ అంది తెర.

ఆవిడ వేచి ఉంది. డాక్టరు చేతులు పైకెత్తి పట్టుకుని వేచి ఉన్నాడు. తెర ఎంత మర్యాదగా అడిగిందో అంత మర్యాదగా అందరూ కూర్చున్నారు. కాసేపయ్యాక పైడమ్మ బల్ల మీంచే అడిగింది.

“ఏటమ్మా, ఈయేల కూడా లేదేటి? లేదంటే లేదని సెప్పండి, నాను ఎల్లిపోతాను. ఉన్న కన్ను ఒకటే. అది గుడ్డిదో మంచిదో నాకాడే ఉండనీండి.”

“ఉండమ్మా, వస్తోంది” అంది సిస్టరు రత్నం. ఏం వస్తోందో ఆవిడకూ తెలియదు.

డాక్టరు గడియారం చూశాడు. ఆయా పరుగున వెళ్ళి మాతాజీని తీసుకొచ్చింది. ఆవిడ బయట ఉన్న కంప్యూటరులో పైడమ్మ రికార్డు తెరిచారు. ఎడమకంటి కొలత ఒక్కటీ లేదు. పాత రెండూ కొట్టేశారు. డాక్టరు పొద్దున కొలిచింది ఇంకా కొలతల యంత్రంలోనే ఉంది. దాన్ని ఇటు పంపే బటను టెక్నీషియను నొక్కలేదు.

అంటే రాని దాని కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. ఎంతసేపు కూర్చున్నా అది రాదు.

బటను నొక్కించారు. తెర మీద అంకె వచ్చింది, ఒకటే అంకె. డాక్టరు దాన్ని కొలతల యంత్రం మీది అంకెతో సరిచూయించి తలూపాడు. లెన్సు అలమరలో ఉంది. ఆయన నిదానంగా పని ముగించి, ఆఖరి నిమిషంలో బండి అందుకున్నాడు.

మాతాజీ బయటికి వస్తుంటే ఉమాపతి గోడవారగా నిలబడి ఉన్నాడు.

“సింగిల్ అరిచి ఉండాలే. ఆ అరుపేమైంది?” అని అడిగారు ఆవిడ.

“అరిచిందమ్మా. లోపల ఆపరేషన్ జరుగుతుంటే ఎర్రగా కనబడ్డం బాగుండదని... అరిచినప్పుడల్లా అక్కడ వేచి ఉండండి అని రావాలని రాశాను.”

“కొలత లేదని రాయొచ్చుగా?”

అతను ముక్కు మీంచి జారుతున్న కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

మాతాజీ ఏదో అనబోయి మానుకున్నారు. ఆ మానుకోవడం చూస్తే తిట్టినా బాగుండేదనిపించింది ఉమాపతికి.

“డాక్టరు వచ్చేదాకా ఆపరేషన్లు లేవు. నేను చెప్పేదాకా ఆ కోడు ముట్టుకోకు” అని వెళ్ళిపోయారు.

మర్నాడు ఉదయం సిస్టరు రత్నం పైడమ్మ కట్టు విప్పింది. మాతాజీ పక్కనే ఉన్నారు. ఉమాపతి తలుపు దగ్గర నిలబడ్డాడు.

పైడమ్మ చాలాసేపు కన్ను తెరవలేదు. తెరిచాక ముందు తన చేతులు చూసుకుంది. మాతాజీ చీర కొంగు పట్టుకుని కంటి దగ్గరికి తెచ్చుకుని, వేళ్ళతో పోగు విడదీసింది.

“ఇది మిల్లు నూలమ్మా” అంది. చెంప మీదికి కారిన నీళ్ళు అలాగే వదిలేసి, ఇంకో పోగు చూసింది.

తర్వాత తలెత్తి తలుపు వైపు చూసింది.

“ఆ బాబు అద్దాలు ఆడివి కావేటి? ముక్కు మీంచి దిగిపోతన్నాయి.”

సిస్టరు రత్నం నవ్వింది. ఉమాపతి మాత్రం తల దించుకున్నాడు. ఆ కన్ను తన మొహం దాకా చూడగలుగుతోందని అప్పుడు తెలిసింది.

“వెళ్ళు” అన్నారు మాతాజీ. “నా గదిలో పెట్టె ఉంది. నీ కళ్ళజోడు తెచ్చుకో.”

అతను వెళ్ళాడు. పెట్టెలో కళ్ళజోళ్ళన్నీ తీసి బల్ల మీద పరిచాడు. ఒక్కొక్కటే పెట్టుకుని కిటికీలోంచి ఏరు చూశాడు. ఒకదాంట్లో ఏరు వంకరగా పోయింది. ఇంకోదాంట్లో అసలు లేదు. ఒకటి మాత్రం దగ్గర దగ్గరగా సరిపోయింది. ఫ్రేము కూడా తనదిలాగే నల్లనిది. దాంతో అవతలి గట్టు మీది గేదెలు కనిపించాయి. కొమ్ములు మాత్రం తెలియలేదు.

దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అది పెట్టుకుని వెళితే ఎవరూ కనుక్కోలేరు. చివరికి దాన్ని కూడా పెట్టెలో వేసి, ఉత్త ముఖంతో, తడుముకుంటూ తిరిగి వచ్చాడు.

మాతాజీ వరండాలో కూర్చుని ఉన్నారు.

“తెచ్చుకున్నావా?”

“లేదమ్మా.”

“ఏమిటీ?”

“నా కళ్ళజోడు అందులో లేదు.”

“అన్ని ఉన్నాయి కదా. ఏదో ఒకటి పెట్టుకు రాకపోయావా?”

“ఉన్నాయి. నాది లేదు. ఎక్కడుందో నాకు తెలియదు.”

మాతాజీ అతని వైపు చూశారు. ఆ మూడు రోజుల్లో ఆవిడ అతన్ని విసుగు లేకుండా చూడటం అదే మొదలు. అతనికి మాత్రం ఆ ముఖం మసకగానే కనిపించింది.

ఆవిడ కొంగు ముడి విప్పి, పెట్టెలోంచి ఎప్పుడో తీసి దాచిన అతని కళ్ళజోడు బయటికి తీసి, అద్దాలు తుడిచి చేతికిచ్చారు.

“వెళ్ళు. ఇప్పుడన్న ఆ మాట నీ ప్రోగ్రాముకూ నేర్పు.”